మా చేనులో రాష్ట్ర జంతువు

మృగశిర కార్తె దాటాక వచ్చిన రెండో పదునుకు మా నాన్న నాలుగు ఎకరాల్లో వేరుశనగ విత్తాడు. పత్తికొండ వైపు వీటిని బుడ్డలంటాం. తొమ్మిదో రోజుకు సాళ్ళు కనిపించేలా మొలక లేచింది. నాన్నకు అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు సహకరించడం లేదు. అందుకే పదో రోజు రాత్రి కాపలాకు నేనూ వెంట వెళ్ళాను.

చేను చుట్టూ అమ్మ పాత చీరలు కట్టి ఉన్నాయి. మంచె మీద ఒక రేకు డబ్బా, కర్ర, వడిసెల, టార్చిలైటు. తెల్లవారుజామున మూడు దాటాక నాన్న నా భుజం తట్టాడు. లైటు వేస్తే పడమటి గట్టు పొడవునా కళ్ళు మెరిశాయి. ఇరవైకి పైగా ఉన్నాయి. అన్నిటికంటే ముందున్న పోతు మెడ ఎత్తి మా వైపే చూసింది. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలితిరిగి పైకి లేచిన కొమ్ములు. నాన్న డబ్బా మీద కర్రతో కొట్టాడు. ఒకదాని వెనక ఒకటి చీరల మీదుగా ఎగిరి, నేల తాకీ తాకనట్టు బీడులోకి వెళ్ళిపోయాయి. అంత అందంగా కదిలే ప్రాణిని నేను మరొకటి చూడలేదు. తెల్లవారాక చేనంతా తిరిగితే ఎకరంన్నరలో మొలకలకు తలలు లేవు.

నేను బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఆ వారంలోనే ఏడో తరగతిలో రాష్ట్ర చిహ్నాల పాఠం వచ్చింది. రాష్ట్ర జంతువు ఏదంటే పిల్లలంతా ఒక్క గొంతుతో కృష్ణజింక అన్నారు. పక్షి రామచిలుక, చెట్టు వేప, పువ్వు మల్లె. పోటీ పరీక్షల్లో తప్పకుండా అడుగుతారు కాబట్టి మళ్ళీ మళ్ళీ చెప్పించాను. వెనక వరసలో కూర్చునే పిల్లవాడు ఒకడు లేచాడు. వాళ్ళింట్లో గొర్రెల మంద ఉంది. "టీచర్, అది రాష్ట్రం జంతువైతే దానికి మేత ఎవరు పెడతారు?" అని అడిగాడు.

మందతో బతికే ఇంట్లో పుట్టే మొదటి ప్రశ్న అది. మంద ఎవరిదైతే మేత బాధ్యత వాళ్ళది. పక్కవాళ్ళ చేనులో పడి మేస్తే దండుగ కట్టాలి, లేకపోతే బందెల దొడ్డికి తోలుతారు. మా పల్లెల్లో ఇది చట్టం పుస్తకాల కంటే పాత న్యాయం. అడవిలోను, బీడులోను అది తనే మేస్తుందని ఏదో చెప్పి ఆ పిల్లవాడిని కూర్చోబెట్టాను. రాత్రి చూసింది కళ్ళ ముందు ఉండగా ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆ పిల్లవాడికి ఇవ్వవలసిన జవాబును ఇక్కడ వెతుక్కుంటున్నాను.

రాష్ట్రం విడిపోయినప్పుడు ఆస్తులు, అప్పులు, ఉద్యోగులతో పాటు గుర్తులనూ పంచుకోవలసి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పక్షి పాలపిట్ట, పువ్వు కలువ. తెలంగాణ 2014 నవంబరులోనే పాలపిట్టను, జింకను, జమ్మి చెట్టును, తంగేడు పువ్వును తనవిగా ప్రకటించుకుంది. మనం 2018 దాకా ఆగాం. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన ఉత్తర్వులో వేప, కృష్ణజింక పాత జాబితా నుంచే కొనసాగాయి, పాలపిట్ట స్థానంలో రామచిలుక, కలువ స్థానంలో మల్లె వచ్చాయి. నవంబరులో రాష్ట్ర ముద్రను కూడా అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటం ఆధారంగా కొత్తగా దిద్దించారు. ముద్ర చక్కగా ఉంది, ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. రెండు వేల ఏళ్ళ నాటి శిల్పుల చేతిపని ఈనాటి కాగితం మీదికి రావడం నాకు గర్వంగానే ఉంది.

ఆ ముద్ర మా ఇంటికి ఒక ఉత్తరం మీద వచ్చింది. పంట నష్టం గురించి నాన్న అర్జీ పెట్టాడు. ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి, అక్కడి నుంచి మళ్ళీ మొదటి చోటికి నాలుగు నెలలు తిరిగాడు. చివరికి జవాబు వచ్చింది: నిర్ణీత గడువులో చేను పరిశీలన జరగలేదు కాబట్టి అర్జీని పరిగణించలేమని. పరిశీలనకు రావలసింది వాళ్ళే. నాన్న ఐదో తరగతి వరకే చదివాడు, ఉత్తరం నా చేత చదివించుకున్నాడు. విన్నాక కాగితం చేతిలోకి తీసుకుని తల భాగంలో ఉన్న బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఇది తాడిపత్రి గుడి గోడ మీద ఉండే కుండ కదమ్మా" అన్నాడు.

ఆయన చెప్పింది కుంభపంజరం గురించి. విజయనగర కాలపు గుళ్ళ గోడల మీద ఒక నిండుకుండ, అందులోంచి తీగలా పైకి లేచే స్తంభం చెక్కుతారు. అమరావతి పాలరాతి మీద తామరలతో నిండిన ఘటం తర్వాతి కాలాల్లో పెన్నా ఒడ్డు రాతి గోడల మీద ఇలా కనిపిస్తుంది. అంటే ఆ ముద్ర మాకు పరాయిది కాదు. పైగా ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే అనంతపురం వంటి నేలలో, బిందె నిండటం ఎంత పెద్ద విషయమో తెలిసిన మనుషుల మధ్యలో, నిండుకుండను గోడకెక్కించడంలో ఎంత ఆశ ఉందో ఊహించండి. అందుకే ఆ ఉత్తరం నన్ను అంతగా గాయపరిచింది. కుండ బొమ్మ కింద ఖాళీ జవాబు రాయకూడదు.

ఇక్కడే ఎర్రగుడి గురించి చెప్పాలి.

గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో తుగ్గలి మండలంలోని ఊరు ఎర్రగుడి. అక్కడ బండరాళ్ళ మీద అశోకుడి శాసనాలున్నాయి. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలు, వాటితో పాటు లఘు శాసనాలు, అన్నీ ఒకే గుట్ట మీద. లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, నాగలి చాలు తిరిగినట్టు. పత్తికొండకు దగ్గరలోనే రాజులమందగిరిలో ఇంకో లఘు శాసనం ఉంది. 1950 జనవరి 26 నుంచి మన దేశ చిహ్నంగా ఉన్న సారనాథ్ సింహాలను చెక్కించిన రాజు మాటలు మా ఊళ్ళ పక్కన రాళ్ళ మీద ఉన్నాయన్నమాట. కొలిమిగుండ్ల నుంచి ఆదోని దాకా ఎంతమంది పిల్లలకు ఇది తెలుసో నాకు సందేహమే. రూపాయి నాణెం మీది సింహాలకు, మా మండలం బండలకు చుట్టరికం ఉందని నేను మాత్రం ప్రతి ఏడాదీ చెబుతాను, వీలైతే పిల్లలను తీసుకెళ్ళి చూపిస్తాను.

జింకలు మొలక తిన్న ఏడాది అక్కడికి వెళ్ళినప్పుడు మొదటి శిలాశాసనం అర్థం పిల్లలకు చదివి వినిపించాను. అంతకుముందు ఎన్నోసార్లు చదివిందే, ఆరోజు మాత్రం వేరుగా వినిపించింది. తన వంటశాలలో పూర్వం కూర కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారని రాజు అందులో చెబుతాడు. ఈ శాసనం రాయించే నాటికి మూడే చంపుతున్నారట: రెండు నెమళ్ళు, ఒక జింక. ఆ జింకను కూడా ప్రతిరోజూ కాదట. ముందు ముందు ఈ మూడింటినీ చంపరని ముగిస్తాడు.

ఈ నాలుగు మాటల్లో పాలకుడు ఎలా మాట్లాడాలో ఉంది. ప్రాణులను కాపాడండి అని ఊరికి చెప్పే ముందు తన వంటింటి తలుపు తీసి చూపించాడు. నష్టాన్ని మొదట తన పళ్ళెం మీద వేసుకున్నాడు. అన్నీ ఆపేశానని గొప్పలు చెప్పుకోలేదు, ఇంకా మూడు మిగిలాయని అంకెతో సహా రాతి మీద ఒప్పుకున్నాడు. జింక ఆ రాతి మీద ఒక లెక్కగా ఉంది. మన ఉత్తర్వులో జింక ఒక పేరుగా, బ్రాకెట్లో ఒక శాస్త్రీయ నామంగా ఉంది. ఆ పేరు వెనక ఎన్ని జింకలున్నాయి, ఏం తింటున్నాయి, ఎవరి చేలో తింటున్నాయి అనేది ఎక్కడా లేదు.

అదే రాజు పట్టాభిషేకమైన ఇరవై ఆరేళ్ళకు వేయించిన ఐదో స్తంభశాసనంలో చంపకూడని ప్రాణుల జాబితా ఉంది. ఆ స్తంభాలు ఉత్తరాదివి. జాబితాలో మొట్టమొదటి పేరు చిలుక, రెండోది గోరువంక. మన రాష్ట్ర పక్షికి అంతటి పాత రక్షణ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, పంజరంలో పెట్టడం ఈనాటికీ నేరమే. అయినా కర్నూలులో కొండారెడ్డి బురుజు నుంచి పాతబస్తీ వైపు నడిస్తే జోస్యం చెప్పే పంజరాలు కనిపిస్తాయి. ఆ జోస్యగాళ్ళను పట్టుకుని కొట్టమని నేను అనడం లేదు, వాళ్ళకు వేరే బతుకు చూపించకుండా పంజరం లాక్కుంటే అది కూడా పేదవాడి పళ్ళెంలోంచి తీసినట్టే. రాష్ట్ర పక్షి అని పేరు పెట్టిన రోజునే ఈ ఆలోచన కూడా మొదలవ్వాలి కదా అని మాత్రమే అడుగుతున్నాను.

వేప సంగతి అందరూ చూశారు. 2021 నుంచి చెట్లకు చెట్లు చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి, శిలీంద్రం వల్ల వచ్చే తెగులు అన్నారు. మా బడి ఆవరణలోని రెండు చెట్లకు మళ్ళీ చిగురు రావడానికి ఏడాది పట్టింది. మల్లె గురించి నాకు ఫిర్యాదు లేదు. రాష్ట్ర గీతంలో తెలుగుతల్లి మెడలో ఉన్నదే రాష్ట్ర పుష్పమైంది, అంతకంటే పొందికైన ఎంపిక ఉండదు.

నా మనసు ఎక్కువగా తిరిగేది కడప వైపు.

కలివికోడి అనే చిన్న పక్షి ఉంది. పొడవాటి కాళ్ళు, గొంతు కింద పట్టీలు, రాత్రిపూట తిరిగే స్వభావం. 1848లో జెర్డన్ అనే వైద్యుడు దాన్ని శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలో, లంకమల దాపున, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళకు మళ్ళీ దొరికింది. దొరకడంలో స్థానికంగా పిట్టలు పట్టేవాళ్ళ చేయి ఉంది. పండితులు ఎనభై ఏళ్ళకు పైగా లేదనుకున్న పక్షికి కలివి పొదల మధ్య బతికే మనుషులు పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు. దాని కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చారు. ఈ ప్రపంచంలో ఆ పక్షికి తెలిసిన ఇల్లు ఈ ప్రాంతపు పొదల నేలే.

రామచిలుక దేశమంతా ఉంది. కృష్ణజింకను పంజాబ్, హర్యానా కూడా తమ రాష్ట్ర జంతువుగా పెట్టుకున్నాయి. మనకు మాత్రమే ఉన్న కలివికోడిని వదిలి అందరికీ ఉన్నవి ఎందుకు ఎంచుకున్నామని నేను చాలాకాలం బాధపడ్డాను. తరగతిలో కూడా అలాగే చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట చెప్పడం మానేశాను. కలివికోడిని రాష్ట్ర పక్షి చేస్తే ఏం జరిగేది? పాఠ్యపుస్తకంలో బొమ్మ వచ్చేది, పరీక్షలో ఒక మార్కు వచ్చేది. పొదలు కొట్టి తోటలు వేయకుండా, రాళ్ళ కోసం గుట్టలు తవ్వకుండా ఉండటానికి ఆ ఉత్తర్వులో ఒక్క వాక్యమైనా ఉండేదా? రాష్ట్ర జంతువు కాపలాకు డబ్బా పట్టుకుని కూర్చున్నాక, ఏది ఎంచుకున్నాం అనే ప్రశ్న నాకు చిన్నదైపోయింది. ఎంచుకున్నాక ఏం చేశాం అనేదే అడగవలసింది.

రోళ్ళపాడు దీనికి సాక్ష్యం. మునుపటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లాలోని ఆ గడ్డి నేలను 1988లో అభయారణ్యం చేసింది బట్టమేక పక్షి కోసం. మనిషి నడుము దాకా వచ్చే పెద్ద పక్షి అది, నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆరు చదరపు కిలోమీటర్ల కంచె దానికి చాలలేదు. చుట్టూ గడ్డి పోయి సాగు వచ్చాక అది రావడం తగ్గిపోయింది, ఇప్పుడు కనిపించడం లేదు. రాజస్థాన్‌కు అదే రాష్ట్ర పక్షి. కంచె వల్ల లాభపడినది కృష్ణజింక, సంఖ్య పెరిగింది, కంచె బయటి చేలకు వచ్చింది. ఆ చుట్టుపక్కల రైతులూ మాలాగే రాత్రులు మేలుకుంటారు.

దీని మూలమంతా బీడు అనే మాటలో ఉంది. రెవెన్యూ దస్త్రాల్లో బీడంటే పనికిరాని నేల. గొర్రెల కాపరికి, జింకకు, బట్టమేకకు అదే అన్నం పళ్ళెం. అడవికి ఒక శాఖ ఉంది, సాగుకు ఒక శాఖ ఉంది, గడ్డికి ఎవరూ లేరు. అందుకే ఏ పనికి నేల కావలసి వచ్చినా మొదట చూపు పడేది మెట్ట బీళ్ళ మీదే. గని, శకునాల అనే రెండు ఊళ్ళ దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్తు పార్కు వేల ఎకరాల్లో వచ్చింది. కరెంటు వద్దని నేను ఎలా అంటాను, మా బోరు నడిచేదీ కరెంటుతోనే. నేల తీసుకునే ముందు అక్కడ ఎవరు మేస్తున్నారో లెక్క రాయండి అంటున్నాను. బీడు తగ్గే కొద్దీ జింక చేలోకి వస్తుంది. దానికి దారి చూపించింది మనమే.

మా ఊళ్ళో కొందరు నాతో గొడవపడతారు. "టీచరమ్మకు జీతం వస్తుంది, జింకల మీద జాలి చూపిస్తుంది. మేం వాటిని కాల్చడానికి అనుమతి అడుగుతున్నాం" అంటారు. వాళ్ళ కోపం నాకు తెలుసు, ఆ ఎకరంన్నర చూసినప్పుడు నాకూ అదే వచ్చింది. కానీ చంపడానికి అనుమతి అడిగే దాకా రైతును తోసింది ఎవరు? ఒడిశాలో గంజాం జిల్లా భేత్నోయి పరిసర గ్రామాల వాళ్ళు కృష్ణజింక చేలో తిరిగితే వాన పడుతుందని, మంచి జరుగుతుందని నమ్మి తరతరాలుగా కాపాడుతున్నారు. మన ధర్మశాస్త్రాలు కూడా కృష్ణజింక సహజంగా తిరిగే నేలను యజ్ఞానికి తగిన నేల అన్నాయి. నమ్మకం గొప్పదే. అయితే అప్పు చేసి విత్తనం కొన్న ఇంటి మీద నమ్మకం భారాన్ని కూడా మోపి, అదే సంస్కృతి అనడం నాకు సమ్మతం కాదు.

మరికొందరు చదువుకున్న స్నేహితులు, గుర్తులంటే అలంకారం మాత్రమే, ఇంత ఆలోచించనక్కరలేదు అంటారు. అలంకారమే అయితే దాని కోసం ఉత్తర్వు ఎందుకు, గవర్నరు పేరు మీద ప్రకటన ఎందుకు? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలులో మొదలైనప్పుడు కార్యాలయాలకు సరైన భవనాలు కూడా లేవు, డేరాల్లో పనిచేశారని మా తాతల కాలం వాళ్ళు చెప్పేవారు. ఆ డేరాల్లోంచి బయటికి వెళ్ళే కాగితం మీద జనానికి నమ్మకం కుదిరింది ముద్ర వల్లనే. ముద్ర ఉంటే మాట నిలబడుతుందని అర్థం. రాజ్యం ఒక ప్రాణి మీద తన ముద్ర వేసిందంటే అక్కడా మాట నిలబడాలి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. రాష్ట్ర జంతువు ఎన్ని ఉన్నాయో, ఏ మండలాల్లో ఉన్నాయో ఏటా లెక్క తీసి శాసనసభ ముందు పెట్టాలి. అది తిన్న పంటకు పరిహారం అర్జీ, పరిశీలన, గడువు అనే మెట్లు ఎక్కించకుండా మొలక దశలోనే, మళ్ళీ విత్తుకునే అదను దాటకముందే రైతు చేతికి రావాలి. అదను పోయాక వచ్చిన డబ్బుతో చేను పచ్చబడదు. బీళ్ళలో కొన్నిటినైనా గడ్డి నేలలుగా దస్త్రాల్లో రాసి, గొర్రెలకూ జింకలకూ వదలాలి. ఆ ఖర్చు రాష్ట్రం తన వంటింటి ఖర్చుగా రాసుకోవాలి, ఎర్రగుడి రాతి మీద రాసుకున్నట్టు.

ఈ ఏడాది కూడా రెండో పదునుకే విత్తాం. గొర్రు కట్టే ముందు నాన్న పడమటి గట్టు వెంట ఆరు సాళ్ళు విడిచిపెట్టి అలసందలు చల్లాడు. ఎందుకని అడిగితే, "వాటికి. అక్కడ కడుపు నిండితే ఇంకా లోపలికి రావు" అన్నాడు. వెనక వరస పిల్లవాడిని ఆదివారం చేనికి పిలిచి ఆ సాళ్ళు చూపించాను. ఇద్దరం టేపు పట్టి కొలిచాం, పది సెంట్లు వచ్చింది. ఈసారి పెట్టిన అర్జీలో, జింకలు తిన్న నేల కింద, మేతకు వదిలిన ఆ పది సెంట్లు కూడా రాశాను.